ఫోనుకి కళ్ళు లేవు

ఉజరాక్‌లో ఎవరినైనా ఏదైనా అడిగితే చెవులు రిక్కించి కూర్చోవడం వల్ల లాభం లేదు. మొహంకేసి చూడాలి. కనుబొమలు పైకి లేస్తే ఔనని, ముక్కు ముడుచుకుంటే కాదని. పుట్టిన దగ్గర్నుంచీ ధ్రువం దగ్గరి ఈ మంచు ఊళ్ళో అందరికీ ఇదే అలవాటు. మాటలు రాని చంటిది కూడా ఇంకొంచెం పులుసు కావాలా అంటే కనుబొమలు ఎత్తుతుంది. ఊరంతటికీ తెలిసిన ఈ సంగతి తెలియనిది ఒక్క ఫోనుకే.

ఆ ఫోనుకీ ఊరికీ మధ్య ఊలీపికా కూర్చుని ఉండేది. కో-ఆప్ కొట్టు వెనక గది ఆమె ఆఫీసు. కొండ మీద మొబైల్ టవరు లేచాక, దక్షిణాన పెద్ద నగరాల్లోని కంపెనీవాళ్ళు తీరం పొడుగునా ఉన్న ఊళ్ళకోసం అక్కడివాళ్ళ ఇనుక్తితుత్ భాషలో ఒక సహాయపు లైను పెట్టి, చూద్దాం ఎలా నడుస్తుందో అన్నారు. నడపడానికి ఊలీపికాని పెట్టుకున్నారు. చలికి బ్యాటరీ చచ్చిపోతోందనేవాళ్ళూ, కొండ వెనక్కి వెళ్తే సిగ్నలు పోతోందనేవాళ్ళూ, మంచు సముద్రం మీద సీలు వేటకి వెళ్ళి ఫోను మంచు కన్నంలో జారవిడుచుకుని దానికి కంపెనీదే పూచీ అని వాదించేవాళ్ళూ, అందరూ ఆమెకే చేసేవారు. ఊలీపికాకి ఆ పనంటే ప్రాణం. తనంత బాగా ఆ పని చేసేవాళ్ళు ధ్రువానికి ఇటువైపు ఎవరూ లేరని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆమె దాచుకునేది కూడా కాదు.

చిక్కల్లా మొదటి ప్రశ్నతోనే వచ్చేది. ఫోను ఎత్తగానే, ఈ మాటలు రికార్డు చేస్తాం, సమ్మతమేనా అని అడగాలి. అవతలివాళ్ళు నోటితో ఔననాలి. అనకపోతే కంపెనీ యంత్రం దాన్ని ‘జవాబు లేదు’ అని రాసుకుని కాసేపటికి లైను కోసేస్తుంది.

“ఈ మాటలు రికార్డవుతాయి. మీకు సమ్మతమేనా?” అని అడిగింది ఊలీపికా ఒకరోజు పొద్దున.

అవతల చప్పుడు లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది, దాని వెనక కెటిలు కూతా వినిపిస్తోంది. ఆ కెటిలు ఎవరిదో ఊలీపికాకి తెలుసు.

“అక్కా, నువ్వేనా?”

మళ్ళీ ఊపిరే.

“అక్కా! కనుబొమలు ఎత్తుతున్నావు కదూ?”

“ఎత్తక? ఎప్పుడనగానో ఎత్తాను. నా నుదురు నొప్పెడుతోందే. చూడవేం?”

“నాకెలా కనపడుతుంది?”

“ఎలా ఏమిటి? కిటికీకేసి తిరిగితే కనపడుతుంది.”

ఊలీపికా తిరిగి చూసింది. మంచుదారికి అవతల పచ్చరంగు ఇంటి కిటికీలో జినాపి ఫోను చెవి దగ్గర పెట్టుకుని, కనుబొమలు నెత్తి మీది ఉన్నిటోపీ దాకా ఎత్తి నిలబడి ఉంది.

జినాపికి డెబ్బై దాటాయి. ఊలీపికాకి నలభై. అయినా ఆమె ఈమెని చెల్లీ అనే పిలుస్తుంది. జినాపి సొంత చెల్లెలి పేరు ఊలీపికా. ఆ చెల్లెలు దక్షిణాది ఆస్పత్రిలో చనిపోయిన ఏడే ఈ పిల్ల పుట్టింది, ఆ పేరే పెట్టారు. పేరుతోపాటు మనిషీ వస్తుంది, మనిషితోపాటు వరసా వస్తుంది. ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచే జినాపి ఈ పిల్లకి చేతితొడుగులు కుట్టింది, చెవులు మెలిపెట్టింది, పెళ్ళిలో పెద్దరికం చేసింది, అక్కకి ఉండే హక్కులన్నీ ఒక్కటీ వదలకుండా వాడుకుంది.

“అక్కా, ఫోనుకి కళ్ళు లేవు. నోటితో చెప్పాలి. ఔను అను.”

“నీకు తెలిశాక ఇంకా అనడమెందుకే?”

“నాకు కాదు, యంత్రానికి.”

“దానికి నేనెందుకు చెప్పాలి? అది మన చుట్టమా పక్కమా?”

లైను తెగిపోయింది. కిటికీ అవతల జినాపి ఫోనుని ఎగాదిగా చూసి, పైట్లో చుట్టినట్టు దాన్ని ఉన్నిశాలువలో చుట్టి, తిన్నగా మంచుదారి దాటి వచ్చి ఊలీపికా ఎదురుగా కూర్చుంది. ఏమిటి కావాలని అడిగితే, రొట్టె కాల్చాను, తినడానికి వస్తావా అని అడుగుదామని చేశానంది.

ఆ సాయంత్రం ఊలీపికా ఊరి రేడియోలో మైకు పుచ్చుకుని చెడామడా చెప్పింది. “ఊరివాళ్ళందరికీ ఒకటే మాట. ఫోనులో ఔనంటే ఔననండి, కాదంటే కాదనండి. మొహాలు దాచుకోండి, భోజనాలప్పుడు పనికొస్తాయి. తీవీ మామా, నిన్ను కూడా అంటున్నాను. నువ్వు కనుబొమలు ఎత్తుతూ కూర్చుంటే నాకు నీ టోపీ రాపిడి వినిపిస్తోంది తప్ప ఇంకేం వినిపించట్లేదు.” ఊరంతా నవ్వింది. ఊలీపికాకి కొంచెం కళ్ళు నెత్తికెక్కాయనీ కొందరనుకున్నారు, అదీ అబద్ధం కాదు.

ఇంతలో దక్షిణాదినుంచి కర్టిస్ ఫోను చేశాడు. అతను ఆమె పై అధికారి. మెత్తటి మనిషి. చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే ముందు వాతావరణం గురించి మాట్లాడతాడు. ఆ రోజు వాతావరణం గురించి చాలాసేపు మాట్లాడాడు.

“అసలు సంగతి చెప్పండి కర్టిస్,” అంది ఊలీపికా.

“లైను తీసేద్దామంటున్నారు. వచ్చిన కాల్సులో సగానికి సగం జవాబు లేదనే పడింది. మీవాళ్ళకి ఈ లైను అక్కర్లేదని పైవాళ్ళు అనుకుంటున్నారు. దాని బదులు రికార్డు చేసిన గొంతు ఒకటి పెట్టి, ఇంగ్లీషుకి ఒకటి నొక్కండి అనిపిస్తారు. శుక్రవారం డైరెక్టరుగారు మీతోనే మాట్లాడతారు. మిసెస్ ప్రెస్టన్. ఆవిడదే ఆఖరి మాట.”

“మంచిది, మాట్లాడనివ్వండి,” అంది ఊలీపికా. ఫోను పెట్టేశాక మాత్రం చాలాసేపు హెడ్‌ఫోను తీయకుండా అలాగే కూర్చుంది. ఈ లైను పోతే ఊళ్ళో ముసలివాళ్ళకి ఫోనుంటే ఎంత, లేకుంటే ఎంత. ఒకటి నొక్కండి అన్న గొంతు ఏ భాషలో అంటోందో కూడా తెలియకుండా చేతిలో పట్టుకుని కూర్చుంటారు. తన ఉద్యోగం సంగతి సరే, జినాపి అలా కూర్చోవడం ఆమె తలుచుకోలేకపోయింది.

శుక్రవారం మంచు తుపాను పట్టింది. విమానం రాలేదు, బడి తెరవలేదు, బొమ్మ కనపడే కాల్ చేద్దామంటే తెర మీద నల్లటి గడులు తప్ప ఏమీ తేలలేదు. ఒట్టి మాటలతోనే కానిద్దామన్నారు. ఊలీపికాకి బెరుకు లేదు. మాటలే ఆమె వృత్తి. జినాపి కూడా తుపానులో పడి వచ్చి, టీ ఫ్లాస్కూ వేడి రొట్టే బల్ల మీద పెట్టి, సరిగ్గా ఆమెకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. నువ్వెందుకక్కా అంటే, పెద్దదాన్ని లేకుండా ఇలాంటి సంబంధాలు మాట్లాడతారా అంది.

మిసెస్ ప్రెస్టన్ గొంతు స్పష్టంగా, తొందరగా ఉంది. కాల్సు అంత పొడుగెందుకని అడిగింది. మావాళ్ళు ఎదుటివాళ్ళ క్షేమం అడగకుండా పని మాట్లాడరు అని చెప్పింది ఊలీపికా. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఇంట్లో ఉంటారు కదా, వాళ్ళతో చేయించుకోవచ్చు కదా అందావిడ. మీ అమ్మగారి ఫోను సంగతులు ఆవిడ మనవడు మాట్లాడితే ఆవిడకి బాగుంటుందా అంది ఊలీపికా. అడిగినదానికల్లా చెప్పుకుంటూ వచ్చింది, ఎక్కడా నీళ్ళు నమల్లేదు. జినాపికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా, ఒక్కో జవాబుకీ ఒక్కో రొట్టెముక్క చెల్లెలి ముందుకి తోసింది.

చివరికి మిసెస్ ప్రెస్టన్ గొంతు తగ్గింది. “ఊలీపికా, సూటిగా అడుగుతాను. లైను ఉంచితే దాని బాధ్యతంతా మీరే తీసుకోవాలి. ఇంకో ఇద్దరిని మీరే తయారు చెయ్యాలి. ఏడాదిపాటు నిలబెట్టాలి. అది మోయగలరా? తీసుకుంటారా?”

ఊలీపికా గుండె నిండిపోయింది. ఎదురుగా జినాపి మొహం, ఏమంటోందే అన్నట్టు ఆత్రంగా చూస్తోంది. ఊలీపికా మిసెస్ ప్రెస్టన్‌కి జవాబు చెప్పింది. అవతల కొంచెంసేపు నిశ్శబ్దం. ఆలోచించుకుంటున్నారు కాబోలు, పెద్దవాళ్ళ ఆలోచనకి అడ్డం రాకూడదని ఊలీపికా ఓపికగా ఊరుకుంది.

“అలాగే,” అందావిడ నెమ్మదిగా. “అర్థమైంది. నిజాయితీగా ఉన్నందుకు థాంక్స్.”

“నాకూ సంతోషం,” అంది ఊలీపికా. కాల్ అయిపోయింది.

ఆమె తిన్నగా ఊరి రేడియోకి ఫోను కొట్టి, లైను ఉంటోందని చెప్పేసింది. ఊరంతా టాంటాం. తీవీ మామ వెంటనే రేడియోలోకి వచ్చి, నిన్న కొట్టిన సీలు తన ఇంట్లో అట్టల మీద పరిచి ఉందనీ, తుపానుకి తట్టుకోగలవాళ్ళు కత్తులు తెచ్చుకుని వచ్చి తినొచ్చనీ పిలిచాడు. ఊలీపికా పార్కా అనే బొచ్చుకోటు తొడుక్కుంటుండగా ఫోను మోగింది.

“ఊలీపికా, ఇవాళ మీ దగ్గర గాలి ఎలా ఉంది?” అన్నాడు కర్టిస్.

ఊలీపికా చెయ్యి జిప్పు మీద ఆగిపోయింది.

“మీరు అలా వద్దనడం నాకు చాలా బాధగా ఉంది. నేనైతే ఒప్పుకుంటారనే అనుకున్నాను. ఆవిడ కూడా ఆశపడ్డారు. మూసేసే కాగితం సాయంత్రం పైకి వెళ్ళిపోతుంది.”

“ఎవరు వద్దన్నారు?”

“మీరే. ఆవిడ తీసుకుంటారా అని అడిగితే మీరు మాట్లాడలేదట. ఇబ్బంది పడుతున్నారని, ఆవిడే మర్యాదగా ముగించేశారు.”

“నేను చెప్పాను!” అని అరిచింది ఊలీపికా. అరిచి, జినాపికేసి తిరిగింది. “అక్కా, నేను చెప్పాను కదా? ఆఖర్ని ఆవిడ అడిగినప్పుడు నేనేమన్నాను?”

“ఏమీ అన్లేదు. కనుబొమలు ఎత్తావు,” అంది జినాపి. “చక్కగా ఎత్తావు. నేను చూశానుగా.”

ఊలీపికా పార్కాతోనే కుర్చీలో కూలబడింది. జినాపికి విషయం మెల్లిగా ఎక్కింది. ఎక్కగానే నవ్వు మొదలెట్టింది. బల్ల కొట్టుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ, ఫోనుకి కళ్ళు లేవక్కా, ఫోనుకి కళ్ళు లేవక్కా అని ఊలీపికా గొంతుతోనే అంటూ నవ్వింది. ఊలీపికా భూమిలోకి పోతే బాగుండుననుకుంది. ఊరంతటికీ రేడియోలో పాఠం చెప్పి, చెప్పిన తప్పే తను చేసింది. పని మాటలన్నీ నోటితో మాట్లాడి, మనసులో మాట వచ్చేసరికి మొహంతో చెప్పింది.

జినాపి నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఫ్లాస్కు మూత తీసి, టీ పొయ్యకుండానే మళ్ళీ పెట్టింది.

“నేనూ అలాగే చేశానే,” అంది.

“ఎప్పుడు? నువ్వు రోజూ చేస్తావుగా.”

“రోజూ చేసేది కాదు. అప్పుడు ఊరికంతటికీ కొట్లో ఒక్కటే ఫోను. చెల్లి ఆస్పత్రినుంచి చేసింది. ఖర్చు మనం పెట్టుకుంటామంటేనే కలుపుతారు, అడిగితే సరేననమని కొట్టువాడు ముందే చెప్పాడు. ఫోను కలిపే ఆవిడెవరో అడిగింది. నేను కనుబొమలు ఎత్తాను. మళ్ళీ అడిగింది. ఇంకా పైకి ఎత్తాను. కొట్టువాడు అటు తిరిగి పిండి తూస్తున్నాడు, నా మొహం చూడలేదు. వెనకాల దాని దగ్గు వినిపించిందే. అంత దగ్గరగా వినిపించింది. అంతలో టక్కుమని తెగిపోయింది.”

ఊలీపికా బల్ల మీదికి వంగింది.

“మళ్ళీ చేస్తుందేమోనని కొట్టు కట్టేసేదాకా అక్కడే కూర్చున్నాను. చెయ్యలేదు. అక్క వద్దందనుకుంది మరి. తరవాతి విమానానికి అది పోయిందన్న కబురే వచ్చింది.”

గాలి గోడని కొడుతోంది. ఊలీపికా పార్కా విప్పి అవతల పారేసి, హెడ్‌ఫోను తగిలించుకుంది. సిగ్గు పోయింది. దాని స్థానంలో కోపం వచ్చింది, ఆ కోపం ఆమెకి బాగా నప్పింది.

కంపెనీ పెద్ద ఆఫీసుకి చేస్తే ముందు యంత్రం ఎత్తింది. మేనేజర్ల విభాగానికి కలపమంటారా, ఔనో కాదో చెప్పండి అంది. ఔను అని ఊలీపికా అరిచిన అరుపుకి జినాపి ఉలిక్కిపడింది. తుపానుకి రెండుసార్లు లైను తెగింది. రెండుసార్లూ ఆమె మళ్ళీ చేసి మళ్ళీ అరిచింది. ఆఖరికి మిసెస్ ప్రెస్టన్ దొరికింది.

“పొద్దున్న మీరడిగినదానికి నేను ఔనని చెప్పాను,” అంది ఊలీపికా. “మీకు వినపడలేదు.”

“నాకేమీ వినపడలేదు, నిజమే. మీరు చాలాసేపు...”

“కనుబొమలు ఎత్తాను. మా దగ్గర ఔననడం అంటే అదే. చెప్పేశాను కదా అని ఊరుకున్నాను. వద్దంటున్నాను కాబోలని మీరు ఊరుకున్నారు. ఇద్దరం మర్యాదకి పోయి లైను పోగొట్టుకోబోయాం. మేడమ్, నేను రోజంతా ఫోనులోనే ఉండేదాన్ని, ఊరందరికీ పాఠాలు చెప్పేదాన్ని, నాకే ఇలా జరిగింది. మీ యంత్రం జవాబు లేదని రాసుకున్నవాళ్ళంతా ఎవరనుకుంటున్నారు? మా లైను అక్కర్లేదన్నవాళ్ళు కాదు. మొహం నిండా ఔనని చెప్పి, ఇంకా ఎందుకు మాట్లాడరని మీకోసం కాచుకుని కూర్చున్నవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ ఇక్కడుంది. ఆవిడ మాట వినండి. నేను ఇంగ్లీషులో చెప్తాను.”

“చెప్పండి,” అంది మిసెస్ ప్రెస్టన్.

ఊలీపికా హెడ్‌ఫోను తీసి, గొంతు గదిలోకి వినిపించేలా మార్చింది. జినాపి కొట్టు సంగతీ పిండి తూచడం సంగతీ దగ్గు సంగతీ మళ్ళీ మొదటినుంచీ చెప్పింది, ఎక్కడా గొంతు పెంచకుండా. ఊలీపికా ఒక్కో మాటా ఇంగ్లీషులో పెట్టుకుంటూ వచ్చింది.

అవతలినుంచి ఏమీ వినపడలేదు.

“ఏమైంది?” అని గుసగుసలాడింది జినాపి. “ఎత్తిందా, ముడిచిందా?”

“కనపడదక్కా. ఆగు.”

“నేను వింటూనే ఉన్నాను,” అంది మిసెస్ ప్రెస్టన్. ఆ గొంతులో పొద్దుటి తొందర లేదు. “ఆ లెక్కలు నేను ఇంకోలా చదివాను. కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది, పైకి పోదు. ఏడాది ఉంచుతాను. ఆ రికార్డు ప్రశ్న ఎలా అడగాలో మీరే తిరగరాసి నాకు పంపండి. అయితే, ఈసారి నాకు వినపడాలి. బాధ్యత తీసుకుంటారా?”

“తీసుకుంటాను,” అంది ఊలీపికా గట్టిగా. కనుబొమలు కూడా లేచాయి. లేస్తే లేవనీ అనుకుంది.

జినాపి ఆమె చెయ్యి లాగింది. “నన్నూ అడగమను.”

“నిన్నేం అడగాలక్కా?”

“ఏదో ఒకటి. ఆ లైను కావాలా అని అడగమను.”

ఊలీపికా చెప్పింది. మిసెస్ ప్రెస్టన్ నవ్వలేదు. ఊలీపికా చేత పలికించుకుని, పేరు తప్పు పలుకుతూనే, జాగ్రత్తగా ఇనుక్తితుత్‌లో అడిగింది. జినాపి లేచి నిలబడింది. నోరు తెరిచి ఔనంది. గదిలో పట్టనంత గట్టిగా అంది. అవతలి కొట్లో సామాను సర్దుతున్నవాళ్ళు తలుపు తీసి ఏమైందని చూశారు.

కాల్ అయిపోయాక ఇద్దరూ చాలాసేపు చల్లారిపోయిన టీ తాగారు. తీవీ మామ ఇంట్లో సీలు అయిపోతోందని రేడియో చెబుతోంది.

“ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదక్కా?” అంది ఊలీపికా.

జినాపి కప్పులోకి చూసింది. “నువ్వు ఆ చెల్లివే కదే. చెప్తే నీకు గుర్తొస్తుందేమోనని భయం. అక్క వద్దందని.”

ఊలీపికా లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు చేతులూ పట్టుకుంది. చెల్లెలు అక్కతో ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది.

“నువ్వు ఔనన్నావక్కా,” అంది. “నాకు తెలుసు.”

జినాపి ఏడ్చింది. మంచుదారికి అవతలిదాకా వినపడేలా ఏడ్చింది. ఊలీపికా ఆమెని ఆపలేదు.